కాస్ప్ చెక్‌లిస్టు: టిక్కు పెట్టడం తేలిక, పెట్టె నింపడమే అసలు పని

నర్సింగ్ పరిశోధన పత్రం ఒకటి చేతికొచ్చింది. దాన్ని నమ్మి వార్డులో పద్ధతి మార్చొచ్చా, వద్దా? జర్నల్ క్లబ్‌లో (కలిసి కూర్చుని పరిశోధన పత్రాలు చదివి చర్చించే బృందంలో) ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఎక్కువమంది ముందుగా తీసేది కాస్ప్ కాగితమే, అంటే పత్రం ఎంత నమ్మదగినదో తూచే ప్రశ్నల పట్టిక. పూర్తి పేరు క్రిటికల్ అప్రైజల్ స్కిల్స్ ప్రోగ్రామ్. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో 1993లో మొదలైంది. పీడీఎఫ్ ఉచితం. ఒక్కో రకం స్టడీకి ఒక్కో కాగితం ఉంటుంది: 2020 నాటికి క్వాలిటేటివ్ స్టడీకి (మనుషుల మాటలు, అనుభవాలు విశ్లేషించేది) 10 ప్రశ్నలు, కోహార్ట్‌కి (ఒక గుంపును కాలం వెంట గమనించేది) 12, ఆర్‌సీటీకి (ర్యాండమైజేషన్‌తో, అంటే చీటీలు తీసినట్టు రోగులను గుంపులుగా విడదీసి పోల్చే ట్రయల్) 11. ఇక్కడ చూస్తున్నది 2020 నాటి ఆర్‌సీటీ చెక్‌లిస్టు.

పనిముట్టు ఎలాంటిదో తెలియాలంటే దానితో పని చేసి చూడాలి. అందుకని నర్సులందరికీ రోజూ చేతిలో పడే విషయం మీద వచ్చిన పెద్ద ట్రయల్‌నే తీసుకుందాం. ఐవీ క్యాన్యులాను (మందులూ సెలైనూ ఎక్కించడానికి చేతి నరంలో పెట్టే సన్నని గొట్టాన్ని) మూడు రోజులకోసారి తప్పనిసరిగా మార్చాలా, లేక అవసరం పడినప్పుడు మారిస్తే చాలా అన్నది ప్రశ్న. రికార్డ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఈ ట్రయల్‌ను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మూడు ఆసుపత్రుల్లో చేసి, 2012లో లాన్సెట్ జర్నల్‌లో ప్రచురించారు. రోగులు 3,283 మంది, వాళ్లకు పెట్టిన క్యాన్యులాలు 5,907.

మొదటి మూడు ప్రశ్నలు జల్లెడ లాంటివి. ప్రశ్న స్పష్టంగా ఉందా, ర్యాండమైజేషన్ సరిగ్గా జరిగిందా, చేరినవాళ్లందరి లెక్కా చివర్లో తేలిందా? ఇక్కడే ‘లేదు’ వస్తే మిగతా ఎనిమిదింటి మీద గంట ఖర్చు పెట్టనక్కర్లేదు. కాగితంలోని మంచి గుణాల్లో ఇదొకటి. మన ట్రయల్ ఈ జల్లెడ దాటుతుంది. నాలుగు రోజులకు మించి ఐవీ అవసరమవుతుందనుకున్న పెద్దవాళ్లను కంప్యూటర్‌తో 1:1గా విడదీశారు. ఎవరు ఏ గుంపులో పడతారో ముందుగా తెలియకుండా దాచారు. తెలియకుండా దాచడం వేరు, బ్లైండింగ్ (ఎవరికి ఏ పద్ధతి అందుతోందో తెలియనివ్వకపోవడం) వేరు. మొదటిది గుంపు కేటాయించేదాకా, రెండోది కేటాయించాక. ఈ రెంటినీ కలిపేసి రాసే సెమినార్లు తరచుగా కనిపిస్తాయి.

నాలుగో ప్రశ్న బ్లైండింగ్ గురించి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. క్యాన్యులా మార్చిన సంగతి రోగికీ తెలుస్తుంది, మార్చిన సిస్టర్‌కీ తెలుస్తుంది, కాబట్టి ఈ ట్రయల్‌లో వాళ్లకు బ్లైండింగ్ లేదు. చెయ్యి చూసి ఫ్లెబైటిస్ (క్యాన్యులా ఉన్న నరం వాచడం) ఉందా లేదా అని రాసే రీసెర్చ్ నర్సులకూ లేదు. కల్చర్లు (సూక్ష్మజీవుల పరీక్షలు) చూసిన ల్యాబ్ సిబ్బందికి మాత్రమే ఉంది. కాగితం మీద ‘లేదు’ అని టిక్కు పడుతుంది, పక్కన ‘బయాస్ (ఫలితం ఒక పక్కకి ఒరిగే ప్రమాదం) ఉంది’ అని ఒక ముక్క రాసి పేజీ తిప్పేస్తారు. అది అప్రైజల్, అంటే పత్రాన్ని తూచి చూడడం, కాదు. ఆ బయాస్ ఫలితాన్ని ఏ వైపు లాగుతుందో రాయాలి. ‘పాత క్యాన్యులా అంటే ప్రమాదమే’ అని నమ్మే నర్సు చెయ్యి చూస్తే, ఎక్కువ రోజులు ఉంచిన గుంపులోనే ఎరుపూ వాపూ ఎక్కువ కనిపించాలి. అయినా రెండు గుంపులూ సమానంగా వచ్చాయంటే ఆ రకం బయాస్ ఫలితాన్ని పాడుచేయలేదన్నమాట. కొత్త పద్ధతే గెలవాలని కోరుకునే చేయి అయితే కథ తిరగబడుతుంది. అందుకే ఫ్లెబైటిస్‌కి ఇచ్చిన నిర్వచనం వెతకాలి. నొప్పి, ఎరుపు, వాపు, చీము, తాడులా తగిలే నరం లాంటి లక్షణాల్లో కనీసం రెండు ఉండాలన్నారా, లేక ‘నర్సు అభిప్రాయం’ అని వదిలేశారా? ఈ ట్రయల్‌లో రెండు లక్షణాల నియమం ఉంది. చాలా నర్సింగ్ చర్యలకు బ్లైండింగ్ అసలు కుదరదు. ఆ మాట ఈ కాగితంలో గట్టిగా చెప్పి ఉండాల్సింది.

ఐదు, ఆరు ప్రశ్నలు (మొదట్లో గుంపులు ఒకలా ఉన్నాయా, మిగతా సంరక్షణ రెంటికీ ఒకేలా అందిందా) త్వరగా అయిపోతాయి. రెండు గుంపుల వయసులు, జబ్బులు, సూది సైజులు మొదటి పట్టికలో పోల్చి చూసుకోవచ్చు. ఆ పట్టికలో పీ విలువల (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం ఎంతో చెప్పే అంకెల) కోసం వెతకడం మాత్రం దండగ. ర్యాండమైజ్ చేశాక వచ్చే చిన్న తేడాలు యాదృచ్ఛికమే, వాటికి పరీక్ష పెట్టనక్కర్లేదు.

ఇక ఏడు, ఎనిమిది ప్రశ్నలు. కాస్ప్ బలమూ లోపమూ రెండూ బయటపడేది ఇక్కడే. ‘ఫలితాలు పూర్తిగా చెప్పారా, ఎంత కచ్చితత్వంతో చెప్పారు’ అని అడుగుతుంది. జవాబు రాయాలంటే క్యాలిక్యులేటర్ తియ్యాలి. అవసరమైతేనే మార్చిన గుంపులో 1,593 మందికి 114 మందిలో ఫ్లెబైటిస్, అంటే 7.16 శాతం. మూడు రోజులకోసారి మార్చిన గుంపులో 1,690 మందికి 114 మందిలో, 6.75 శాతం. తేడా 0.41. దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే పరిధి) మైనస్ 1.33 నుంచి ప్లస్ 2.15 దాకా. ఈ ఇంటర్వెల్‌ను చేత్తో కూడా రాబట్టవచ్చు. ఒక్కో గుంపుకీ ఫ్లెబైటిస్ వచ్చిన భాగాన్ని రాని భాగంతో గుణించి మందితో భాగించండి, రెంటినీ కూడి వర్గమూలం తీయండి, 1.96తో గుణించండి. 1.74 శాతం వస్తుంది. 0.41కి అటూ ఇటూ అంత జరిపితే పత్రంలో అచ్చయిన అంకెలే. ఒక్కసారి ఇలా చేసి చూసినవాళ్లు ఆ తర్వాత ‘పీ విలువ 0.05 కన్నా తక్కువ’ అన్న వాక్యానికి దణ్ణం పెట్టి ఊరుకోరు.

కాస్ప్ అడగని ప్రశ్న ఒకటుంది. ఇది ఈక్వివలెన్స్ ట్రయల్. ఒకటి ఇంకోదానికన్నా మేలని చూపడం కాదు, రెండూ ఒకటేనని చూపడం దీని ఉద్దేశం. అలాంటప్పుడు ‘ఎంత తేడాను తేడా కాదంటారు’ అన్న హద్దును ముందే చెప్పాలి. వీళ్లు 3 శాతం అన్నారు. ఇంటర్వెల్ పై అంచు 2.15, హద్దు లోపలే ఉంది, కాబట్టి సమానమే అన్నారు. అదే హద్దు 2 శాతం అని పెట్టుకుని ఉంటే? ఇవే అంకెలతో ట్రయల్ తన మాట నిలబెట్టుకోలేకపోయేది. వందమందిలో అదనంగా ముగ్గురికి చెయ్యి వాచినా ఫరవాలేదా అన్నది లెక్కలవాళ్లు తేల్చేది కాదు, వార్డు తేల్చుకోవాల్సింది. చెక్‌లిస్టులో దీనికి గడి లేదు. ఎనిమిదో ప్రశ్న పక్కన ‘హద్దు ఎంత, ఎందుకు’ అని చేత్తో రాసుకోవాల్సిందే.

ఈ గడి లేకపోవడం చిన్న విషయం కాదు. ప్రయోగ గుంపుకు 30 మంది, కంట్రోల్‌కు 30 మంది, మొత్తం 60 అనే కొలత ఎం.ఎస్సీ. నర్సింగ్ థీసిస్‌లు చూసినవాళ్లకు బాగా అలవాటు. అందులో ఇద్దరిద్దరికి ఫ్లెబైటిస్ వచ్చిందనుకోండి. తేడా సున్నా. ‘గణనీయమైన తేడా లేదు, కాబట్టి రెండు పద్ధతులూ సమానం’ అని ముగింపులో రాసేస్తారు. పైన చెప్పిన లెక్కే వేస్తే ఇంటర్వెల్ మైనస్ 13 నుంచి ప్లస్ 13 దాకా పోతుంది. అంటే ఒక పద్ధతి రెండోదానికన్నా వందకు పదమూడు మందికి ఎక్కువ హాని చేస్తున్నా ఈ స్టడీ పట్టుకోలేదు. తేడా కనబడకపోవడం వేరు, తేడా లేకపోవడం వేరు.

ఇంకో రెండు ఉచ్చులు ఉన్నాయి, కాగితం వాటినీ చెప్పదు. మొదటిది, లెక్క రోగుల మీదా, క్యాన్యులాల మీదా? ఒకే రోగికి రెండు మూడు క్యాన్యులాలు పడతాయి, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. ర్యాండమైజ్ చేసింది రోగులను, ముఖ్య ఫలితం లెక్కించిందీ రోగుల మీదే, కాబట్టి ఇక్కడ సరే. 5,907ని హారంలో పెట్టి ఉంటే ఇంటర్వెల్ అన్యాయంగా సన్నబడేది. రెండోది, గుంపుల మధ్య నిజంగా తేడా ఉందా? మూడో రోజుకి ఇంకా చేతిలోనే ఉన్న క్యాన్యులాలు సగటున అవసరమైతేనే మార్చిన గుంపులో 99 గంటలు, రెండో గుంపులో 70 గంటలు ఉన్నాయి. ఈ అంకె లేకపోతే ‘రెండు గుంపుల్లోనూ ఒకేలా మార్చారేమో, అందుకే ఫలితం ఒకటే వచ్చిందేమో’ అన్న అనుమానం తీరదు. ఈక్వివలెన్స్ ట్రయల్‌లో నియమం సరిగ్గా పాటించకపోతే రెండు గుంపులూ ఒకలాగే కనబడతాయి. మామూలు ట్రయల్‌లో అజాగ్రత్త మనల్ని నిరాశపరుస్తుంది, ఇక్కడ మోసం చేస్తుంది.

తొమ్మిదో ప్రశ్న: మేలు, హాని, ఖర్చు. ఇక్కడ అరుదైన హానిని తూచడం నేర్చుకోవాలి. క్యాన్యులా వల్ల రక్తంలో ఇన్ఫెక్షన్ అవసరమైతేనే మార్చిన గుంపులో ఒక్కరికీ రాలేదు, రెండో గుంపులో ఒకరికి వచ్చింది. సున్నా చూసి ‘ప్రమాదమే లేదు’ అనకూడదు. సున్నా వచ్చినప్పుడు 3ని మందితో భాగిస్తే పై అంచు దొరుకుతుంది: 3/1,593, అంటే సుమారు 530 మందిలో ఒకరు. అంత ప్రమాదం దాగి ఉన్నా ఈ ట్రయల్‌కి కనబడకపోవచ్చు. ఇది ఊహాగానం అనుకోకండి. జెనీవా యూనివర్సిటీ ఆసుపత్రుల్లో ‘అవసరమైతేనే మార్చు’ విధానానికి మారినప్పుడు ఏమైందో 2021లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే జర్నల్‌లో వచ్చింది. నాలుగు లక్షలకు పైగా క్యాన్యులాల మీద చూస్తే, మారకముందు 11 ఉన్న రక్త ఇన్ఫెక్షన్లు మారిన కాలంలో 46 అయ్యాయి, తిరిగి పాత పద్ధతికి వెళ్లారు. అది ఆర్‌సీటీ కాదు, ముందూ వెనకల పోలిక, దాని బలహీనతలు దానికున్నాయి. కానీ అరుదైన హానిని పట్టుకునేంత పెద్దది. ఒక్క పత్రాన్ని ఎంత బాగా అప్రైజ్ చేసినా, పక్కన ఉన్న రెండో పత్రాన్ని కాస్ప్ చూపించదు. వెతుక్కోవాల్సింది మనమే.

పదో ప్రశ్న, ‘మీ దగ్గర వర్తిస్తుందా’. అన్నిటికన్నా విలువైనది ఇదే, జర్నల్ క్లబ్‌లో అన్నిటికన్నా తక్కువ రాసేదీ ఇదే. ‘వర్తిస్తుంది’ అని ఒక్క మాట. మన వార్డుకి దీన్ని ఎలా నింపాలో చూడండి. ‘అవసరమైతేనే మార్చడం’ అంటే వాచేదాకా వదిలేయడం కాదు. ఫ్లెబైటిస్ మొదలైనా, మందు బయటికి కారినా, మూసుకుపోయినా, ఇన్ఫెక్షన్ అనుమానం వచ్చినా, చికిత్స అయిపోయినా వెంటనే తీసేయడం. అంటే ఎవరో ఒకరు ప్రతి షిఫ్టులో ఆ చెయ్యి చూడాలి. మీ వార్డులో రాత్రి ఒక స్టాఫ్ నర్సుకి ఎన్ని మంచాలు? క్యాన్యులా మీద వేసేది పారదర్శకంగా ఉండే డ్రెస్సింగా, లేక చుట్టేసిన తెల్లటి ప్లాస్టరా? ప్లాస్టర్ కింద ఎరుపు ఎవరికీ కనబడదు. వీఐపీ స్కోరు (క్యాన్యులా పెట్టినచోట ఫ్లెబైటిస్ ఎంత ఉందో చూసి వేసే అంకె) చార్టులో నిజంగా రాస్తున్నారా, లేక డ్యూటీ దిగేముందు వరసగా సున్నాలు పెడుతున్నారా? క్యాజువాల్టీలో హడావిడిగా, శుభ్రత పాటించారో లేదో తెలియకుండా పెట్టిన సూది అయితే ఈ చర్చే లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2011 నాటి మార్గదర్శకాల ప్రకారం దాన్ని 48 గంటల లోపు మార్చాలి. అదే పత్రం పెద్దవాళ్లకు ‘72–96 గంటల కన్నా తరచుగా మార్చనక్కర్లేదు’ అంది. దాన్ని ‘72 గంటలకు మార్చి తీరాలి’ అని చదువుకున్న ఆసుపత్రులు ఎన్నో!

పదకొండో ప్రశ్న దాదాపు తొమ్మిదీ పదీ కలిపినదే. మళ్లీ రాస్తూ కూర్చోవద్దు.

వాడేముందు తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని. కాస్ప్‌కి మార్కులు లేవు. ‘11కి 9 వచ్చాయి, మంచి స్టడీ’ అని స్లైడ్‌లో రాయడం తప్పు. దాన్ని తయారుచేసినవాళ్లే స్కోరు వేయమనలేదు. ర్యాండమైజేషన్ పోయి మిగతా పదీ ఉన్న స్టడీని 10 మార్కులది అంటామా? ఇక మనవాళ్లకు పెద్ద ఇబ్బంది వేరే ఉంది. మన కాలేజీల్లో ఎక్కువగా వచ్చేవి ‘స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్’, ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్ తరహా క్వాజీ ఎక్స్‌పెరిమెంటల్ (ర్యాండమైజేషన్ లేని ప్రయోగ) స్టడీలు. వాటికి కాస్ప్‌లో కాగితం లేదు. ఆర్‌సీటీ కాగితంతో కొలిస్తే రెండో ప్రశ్న దగ్గరే అన్నీ పడిపోతాయి, నేర్చుకునేది ఏమీ ఉండదు. అలాంటివాటికి ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి జేబీఐ అనే సంస్థ తెచ్చే చెక్‌లిస్టులు తీసుకోండి, అవీ ఉచితమే. సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన స్టడీలన్నిటినీ పద్ధతిగా వెతికి కలిపి తూచడం) చేస్తున్నవాళ్లయితే 2019లో వచ్చిన కాక్రేన్ సంస్థ వారి రాబ్ 2 (ట్రయల్‌లో బయాస్ ప్రమాదాన్ని తూచే పనిముట్టు) వాడాలి. జర్నల్ క్లబ్‌కి అది మరీ బరువు.

బి.ఎస్సీ. మూడో, నాలుగో సంవత్సరం వాళ్లకూ, వార్డులో నెలకో పత్రం చదివే బృందానికీ ఆర్‌సీటీ మీద కాస్ప్ సరిపోతుంది. మొదటిసారి ఒంటరిగా చేస్తే గంటన్నర పెట్టుకోండి. ఇద్దరు విడివిడిగా నింపి, జవాబులు ఎక్కడ వేరుపడ్డాయో అక్కడి నుంచి చర్చ మొదలుపెట్టండి. ‘చెప్పలేం’ అన్న గడి ఉన్నది వాడడానికే. పత్రంలో లేని సంగతిని ‘ఉండే ఉంటుంది’ అని ‘అవును’లో పడేయొద్దు. ప్రింటు తీసేటప్పుడు ఒకవైపే తీయండి. వ్యాఖ్యల పెట్టె నాలుగు వరసలకు మించి పట్టదు, పదో ప్రశ్నకి వెనక పేజీ మొత్తం కావాలి.