బొమ్మల కార్డులు: మాటలు రాని పిల్లాడితో కొన్నేళ్లు వాడాక

మా వాడికి ఆటిజం అని తేలాక ఇంట్లోకి చాలా సామాను వచ్చింది. బరువు దుప్పటి, బ్యాలెన్స్ బోర్డు, నమిలే గొట్టాలు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ట్రాంపొలిన్. సగానికి పైగా ఇప్పుడు అటక మీదున్నాయి. రోజూ చేతిలో ఆడుతున్నవి మాత్రం మేమే చేసుకున్న బొమ్మల కార్డులు. థెరపీ సెంటర్ బెంచీ మీద కూర్చున్న కొత్త అమ్మానాన్నలు "అవి పనిచేస్తాయా అండీ" అని అడుగుతూనే ఉంటారు. పనిచేస్తాయి. కానీ అన్నిటికీ కాదు.

ఈ పద్ధతిని పెక్స్ (పిక్చర్ ఎక్స్చేంజ్ కమ్యూనికేషన్ సిస్టమ్) అంటారు. 1985లో అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టారు. పిల్లాడు తనకు కావాల్సిన దాని బొమ్మ తీసి మన చేతిలో పెడతాడు, మనం వెంటనే ఆ వస్తువు ఇచ్చేస్తాం. వేలితో చూపిస్తే సరిపోదు, చేతికే ఇవ్వాలి. కిటుకంతా అక్కడే ఉంది: ఇవ్వాలంటే మనిషి దగ్గరికి రావాలి కదా. మొదటి దశకు ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు అరటిపండు ముక్క పట్టుకుని ఎదురుగా కూర్చుంటారు. ఇంకొకరు వెనక నుంచి పిల్లాడి చెయ్యి పట్టి కార్డు ఇప్పిస్తారు. "ఏం కావాలి నాన్నా?" అని ఎవరూ అడగకూడదు. మనవడి ముందు నోరు మెదపకుండా కూర్చోవడం మా అత్తయ్యకి ఏకాదశి ఉపవాసం కన్నా కష్టమైంది.

రెడీమేడ్ సెట్లు కొనొద్దనే చెబుతాను. మేము చూసిన వాటిలో బర్గర్లు, మంచు బొమ్మలు, ఎర్ర స్కూల్ బస్సులు. మా వాడికి కావాల్సింది పెరుగన్నం, వాడి స్టీలు గ్లాసు, మేడ మీదికి వెళ్లడం. అందుకే ఫోన్‌తో మా ఇంట్లో వస్తువులకే ఫొటోలు తీసి, జిరాక్స్ షాపులో ప్రింట్, లామినేషన్ చేయించాం. కార్డులు ఫైల్లో అతికించి తీయడానికి వెల్క్రో టైలరింగ్ సామాన్ల షాపులో మీటర్ల లెక్కన దొరుకుతుంది. కత్తిరించేటప్పుడు కాగితం అంచు దాకా కోయకండి, చుట్టూ కాస్త ప్లాస్టిక్ వదలండి. లేకపోతే పిల్లాడు నోట్లో పెట్టుకోగానే తడి లోపలికి పోయి పొరలు విడిపోతాయి. మూలలు గుచ్చుకుంటాయి కాబట్టి నెయిల్ కట్టర్‌తో గుండ్రంగా చేయండి.

వాక్యం పట్టీ, అంటే కార్డులు వరసగా అతికించి వాక్యం చేసే పట్టీ, దగ్గరికి వచ్చాక "నాకు" ఎడమ పక్కన, "కావాలి" కుడి పక్కన అతికించి, మధ్యలో ఖాళీ ఉంచాం. బొమ్మ అందులో పెడతాడు. ఇంగ్లీషు పట్టీని ఉన్నదున్నట్టు వాడితే మన మాట వరసకు కుదరదు.

అందరూ "కావాలి"తో మొదలుపెడతారు గానీ, మా ఇంటిని మార్చింది "ఆపు" కార్డు. మిక్సీ వేస్తే వాడు చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకునేవాడు. ఒక రోజు పచ్చడి సగం రుబ్బుతుండగా వంటింట్లోకి వచ్చి ఆ ఎర్ర కార్డు నా చేతిలో కుక్కాడు. వెంటనే ఆపేశాను. ఆ పూట కచ్చాపచ్చా పచ్చడే తిన్నాం. ఆపమన్నప్పుడల్లా నిజంగా ఆపడం పెద్దవాళ్లకి చాలా ఇబ్బంది. గోళ్లు తీసేటప్పుడు, తల దువ్వేటప్పుడు కూడా ఆగాలి. కానీ అలా ఆగిన కొద్దీ కొరకడం, రక్కడం బాగా తగ్గాయి.

ఇక చుట్టాల టెన్షన్: "కార్డులు అలవాటైతే మాటలు రావు." బొమ్మలు, సైగల వల్ల మాట ఆగిపోతుందని పరిశోధనల్లో తేలలేదు. కొందరు పిల్లల్లో మాటలు కాస్త పెరిగాయి కూడా. మా వాడు ఇప్పుడు కార్డు ఇస్తూ "కావాలి"ని "కాలి" అంటాడు. అది కార్డుల వల్లా, స్పీచ్ థెరపీ వల్లా, వయసు వల్లా అంటే విడదీసి చెప్పలేను. ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి.

లోపాలూ ఉన్నాయి. కార్డులు పెరిగే కొద్దీ ఫైలు బరువెక్కుతుంది, వెతుక్కునేలోపు వాడి ఓపిక అయిపోతుంది. రెండు బొమ్మల మధ్య తేడా పట్టడం దగ్గర, అంటే మూడో దశలో, నెలల తరబడి ఇరుక్కుపోయాం. ఏ కార్డు చేతికొస్తే అది ఇచ్చేవాడు. కావాల్సిన వస్తువు పక్కన వాడికి అసలు పట్టని వస్తువు బొమ్మ పెట్టాకే కదిలింది. నొప్పి సంగతి మాత్రం ఈ కార్డులతో మాకు తేలలేదు. "కడుపునొప్పి" బొమ్మ కొత్తదానిలాగే ఉంది. జ్వరమొస్తే ఇప్పటికీ ఒళ్లు ముట్టుకుని చూడాల్సిందే. మొదట్లో వెళ్లిన స్కూల్లో ఫైలు బ్యాగులోంచి తీసేవాళ్లే కాదు. స్కూలు మారేదాకా అక్కడ వాడు మళ్లీ నోరులేనివాడే.

చెన్నైవాళ్ల ఆవాజ్ లాంటి యాప్‌లు బొమ్మ నొక్కితే మాటను పైకి పలుకుతాయి, బరువూ ఉండవు. ట్యాబ్ కనబడితే వీడియోలే కావాలనే పిల్లలకి మాత్రం ముందు కార్డులే మేలు. కింద పడ్డా పగలవు, చార్జింగ్ అక్కర్లేదు.

మొదలుపెట్టేవాళ్లు మీ పిల్లలకి ప్రాణమైన రెండు మూడు వస్తువులతోనే మొదలుపెట్టండి. ఆ కార్డులు మాత్రం రెండేసి ప్రింట్లు తీయించి ఒక సెట్టు అమ్మమ్మ వాళ్లింట్లో ఉంచండి. సోఫా కిందికి పోయేవి ఎప్పుడూ అవే.