నెలనెలా కట్టే సినిమా, అల్మారాలో ఉండే సినిమా: ఏది మేలు?

ఫ్రీ బస్సు వచ్చినప్పటి నుంచి మా అత్తమ్మ నెలకోసారి దేవరకొండ పక్కనున్న ఊరి నుంచి నల్లగొండకు వచ్చి, నాలుగు రోజులు మా దగ్గర ఉండి పోతోంది. ఆమెకు రాత్రి అన్నం తిన్నాక ఒక పాత సినిమా పడాలి. పోయినసారి వచ్చినప్పుడు ఒక యాప్‌లో ఏదో జానపద సినిమా సగం దాకా చూసి నిద్రపోయింది. ఈసారి మిగతా సగం చూద్దామని కూర్చుంటే ఆ సినిమా లేదు. పేరు కొడితే అలాంటి పేరున్నవి వేరేవి వస్తున్నాయి గానీ అది మాత్రం రావట్లేదు.

"యాడికి పోయింది బిడ్డా? పైసలు కట్టలేదా?" అని అడిగింది.

కట్టాం. వారం కిందటే ఖాతాలో నుంచి కట్ అయిన మెసేజ్ నా ఫోన్‌లోనే ఉంది. పైసలు కట్టినా సినిమా ఎందుకు పోయిందో ఆమెకు చెప్పాలి కదా. ఆ యాప్ వాళ్లకు కూడా సినిమా సొంతం కాదనీ, హక్కులున్నవాళ్ల దగ్గర కొన్నేళ్లకు ఒప్పందం చేసుకుంటారనీ, గడువు అయిపోతే తీసేస్తారనీ చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అంటే కౌలు చేను లెక్క" అంది. సరిగ్గా అంతే. ఇంకా చెప్పాలంటే కౌలుకు తీసుకున్నవాళ్ల దగ్గర మనం మళ్లీ కౌలుకు తీసుకుంటున్నాం. అసలు యజమాని ఎవరో మనకు తెలియదు.

ఆ రాత్రే నోటుబుక్కు ముందు పెట్టుకుని లెక్క వేశాను. ఇంట్లో ఆర్నెల్లుగా ఎవరమూ తెరవని యాప్‌కు కూడా డబ్బులు పోతున్నాయని అప్పుడే తెలిసింది. ఆటోపేలో డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు మనకు మెసేజ్ పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. మెసేజ్ వస్తూనే ఉంది. కరెంటు బిల్లు, గ్యాసు, స్కూలు మెసేజ్‌ల మధ్య నేను చూడలేదు.

రేట్ల విషయంలో అన్నీ పెరిగాయని గంపగుత్తగా అనేస్తే న్యాయం కాదు. అమెజాన్ ప్రైమ్ 2016లో మన దేశంలో ఏడాదికి 499 రూపాయల ఆఫర్‌తో వచ్చింది. తర్వాత 999 అయింది, 2021 డిసెంబరులో 1,499 అయింది. అంటే అయిదేళ్లలో మూడింతలు. 2025 జూన్ నుంచి సినిమా మధ్యలో ప్రకటనలు కూడా మొదలయ్యాయి. అవి వద్దనుకుంటే ఏడాదికి ఇంకో 699 కట్టాలని అప్పుడు పెట్టారు. నెట్‌ఫ్లిక్స్ మాత్రం అదే 2021 డిసెంబరులో ఇక్కడ రేట్లు తగ్గించింది. ఫోన్‌కు మాత్రమే అయితే నెలకు 149, టీవీలో మంచి క్వాలిటీతో కావాలంటే 499. జియోహాట్‌స్టార్ 2025 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ప్రీమియం ప్లాను ఏడాదికి 1,499. ఎవరైనా ఈ మూడూ పెట్టుకుంటే ఆ రేట్ల ప్రకారమే, ప్రకటనలు లేకుండా, ఏడాదికి 9,685 రూపాయలు అవుతుంది. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జీ5 ఇంకా ఇందులో లేవు. తెలుగు సినిమా ఏ వారం ఏ యాప్‌లోకి వెళ్తుందో చెప్పలేం కాబట్టి, అన్నీ చూడాలనుకునే ఇంటికి ఆ మూడుతో ఆగదు.

పైసల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. ఇదివరకు పట్నంలో కొడుకు కట్టిన ఖాతా ఊళ్లో తల్లిదండ్రుల ఫోన్‌లో కూడా నడిచేది. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ ఇక్కడ కూడా ఆ పద్ధతి ఆపేసింది, ఒక ఖాతా ఒక ఇంటికే అంది. 2025లో ప్రైమ్ కూడా ఎన్ని టీవీల్లో పెట్టుకోవచ్చో లెక్క పెట్టింది. మన కుటుంబాలు ఎట్లుంటాయి? అత్తమ్మ ఊళ్లో, పెద్దోడు హైదరాబాద్‌లో, మేం నల్లగొండలో. ముగ్గురిదీ ఒకే ఇల్లు అని మనం అనుకుంటాం, యాప్ ఒప్పుకోదు.

ఇక సొంత సినిమాల సంగతి. మా మామయ్య ఉన్నప్పుడు కొన్న వీసీడీలు, డీవీడీలు ఊళ్లో ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. పోయిన నెల అత్తమ్మ వాటిని బియ్యం సంచిలో చుట్టి తెచ్చింది. మొత్తం అరవై మూడు. ప్రతి కవరు మీదా లోపలి వైపు బాల్ పెన్నుతో ఎక్కడ కొన్నాడో, ఏ రోజు కొన్నాడో రాసి ఉంది. "దేవరకొండ, 14-4-2008." "కోఠి, ఆదివారం." ఒకదాని మీద "జ్వరం ఉన్నా చూసినం" అని రాసి ఉంది. అత్తమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. ఆమెకు చదవడం రాదు, కానీ ఏ కవరు ఏ సినిమాదో బొమ్మ చూసి చెప్పేస్తుంది.

అవన్నీ ఆ కాలంలో వచ్చినవే. 2007లో మోసర్ బేర్ అనే కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు ఒరిజినల్ డిస్కు అంటే వందల్లో ఉండేది, అద్దెకు తెచ్చుకోవడమే మామూలు. ఆ రేటుకు వచ్చేసరికి మామయ్యలాంటి వాళ్లు కూడా సొంతంగా కొనగలిగారు. ఆ కంపెనీ తర్వాత అప్పుల్లో పడి 2018లో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి మూసేసే దాకా పోయింది. కంపెనీ పోయినా వాళ్లు అమ్మిన సినిమా మా ట్రంకులోనే ఉంది. సొంతం అనే మాటకు అర్థం నాకు అప్పుడు బాగా తెలిసింది.

అయితే ఆ అరవై మూడూ పని చేశాయా అంటే, లేదు. పాత ప్లేయర్‌ను క్లాక్ టవర్ సెంటర్ దగ్గర సందులో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాను. ఆ తమ్ముడు మూత విప్పి, దూదికి చుక్క మందు అద్ది, శనగగింజంత ఉన్న లెన్సును మెల్లగా తుడిచాడు. "డిస్కును గుండ్రంగా తుడవొద్దక్కా, మధ్యలోంచి అంచుకు నిలువుగా తుడవాలె. గుండ్రంగా గీత పడితే లెన్సు దాన్ని దాటలేదు" అని చూపించాడు. తర్వాత ఒక్కో డిస్కునూ బల్బుకు ఎదురుగా పట్టాడు. బాగున్నది అద్దంలా మెరుస్తుంది. పాడైనదాంట్లో వెండి పూత ఊడిపోయి, చిన్న చిన్న చిల్లుల్లోంచి వెలుతురు కనపడుతుంది, రాత్రి ఆకాశంలో చుక్కల్లా. అలాంటివి పదకొండు తేలాయి. ఏళ్ల తరబడి రేకు కప్పు కింద మన ఎండలకు ట్రంకులో ఉన్నాయి మరి. డిస్కులను నిలబెట్టి, ఎండ తగలని గోడ అల్మారాలో పెట్టుకోవాలట.

బొమ్మ నాణ్యత గురించి కూడా నిజం చెప్పాలి. వీసీడీలో ఒక ఫ్రేముకు 352 అడ్డం, 288 నిలువు చుక్కలు ఉంటాయి. అంటే సుమారు లక్ష. డీవీడీలో నాలుగు లక్షల పైన. ఇప్పటి మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీలో ఇరవై లక్షల పైన. మా 43 అంగుళాల టీవీలో వీసీడీ వేస్తే మొహాలు అలికినట్టు కనపడ్డాయి. మా చిన్నోడు రెండు నిమిషాలు చూసి లేచిపోయాడు. డీవీడీ మాత్రం ఫర్వాలేదు, పది అడుగుల దూరం నుంచి హాయిగా చూడొచ్చు. అత్తమ్మకు రెంటికీ తేడా తెలియలేదు. పాట వస్తే చాలు ఆమెకు. కానీ కొత్త విజువల్ ఎఫెక్ట్స్ సినిమా చూడాలనుకునే పిల్లలకు ఈ డిస్కులు సమాధానం కావు. పైగా ఇప్పటి కొత్త తెలుగు సినిమాలకు డిస్కు దొరకడమే గగనం. కొందామన్నా అమ్మేవాడు ఉండాలి కదా.

ఊళ్లో లెక్క మళ్లీ తిరగబడుతుంది. అత్తమ్మ ఊళ్లో ఇంటికి కేబుల్ నెట్ లేదు, ఫోన్ డేటానే. హెచ్‌డీలో సినిమా చూస్తే గంటకు 3 జీబీ దాకా పోతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. రోజుకు 2 జీబీ ప్లాను ఉన్నవాళ్లకు ఇంటర్వెల్ కూడా రాకముందే డేటా అయిపోతుంది. నల్లగొండలో డౌన్‌లోడ్ చేసి తీసుకెళ్లమని మా ఆయన సలహా ఇచ్చాడు. యాప్‌లో డౌన్‌లోడ్‌కు కూడా గడువుంటుంది, కొన్ని రోజులకు దానంతటదే తెరుచుకోవడం మానేస్తుంది. డిస్కుకు కావాల్సింది కరెంటు ఒక్కటే.

'బై' అని బటన్ ఉన్న ఆన్‌లైన్ సినిమాల గురించి ఒక్క మాట. అక్కడ కొన్నామని అనుకుంటాం గానీ, మనకు వచ్చేది చూసుకునే అనుమతే. ఆ కంపెనీ ఖాతా ఉన్నంతవరకు, వాళ్ల దగ్గర ఆ సినిమా ఉన్నంతవరకు. ప్రైమ్‌లో అద్దెకు తీసుకునేది ఇంకా స్పష్టం: 30 రోజుల్లో మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక 48 గంటల్లో చూసేయాలి. నా దృష్టిలో అద్దె అని చెప్పి అద్దె తీసుకోవడమే మర్యాద. ఏడాదికి రెండు సినిమాల కోసం ఒక యాప్ పెట్టుకోవడం కంటే ఆ రెండూ అద్దెకు తీసుకోవడం చాలా ఇళ్లకు చవక.

హార్డ్ డిస్కు నిండా సినిమాలు ఉన్నాయి కదా అనేవాళ్లు మా బంధువుల్లోనే ముగ్గురున్నారు. పైరసీ సైటు నుంచి దించింది సొంతం కాదు, అది దొంగ సొత్తు. సినిమాను థియేటర్‌లో రికార్డు చేసి బయటపెట్టేవాళ్లకు 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పెట్టింది. ఆ తెలుగు సినిమా మీదే మన పిల్లలు ఎంతోమంది హైదరాబాద్ పోయి ఎడిటింగ్‌లో, ఆర్ట్ విభాగంలో బతుకుతున్నారు. మా జిల్లా మిర్యాలగూడకు చెందిన పిట్టంపల్లి సుదర్శన్‌కు 'దాసి' సినిమాకు దుస్తుల రూపకల్పనలో జాతీయ అవార్డు వచ్చింది, ఆ సినిమా పేరే ఆయన ఇంటిపేరులా నిలిచిపోయింది. అలాంటి సినిమా అసలు డిస్కు ఎక్కడైనా కనపడితే నేను రేటు చూడకుండా కొంటాను. చట్టబద్ధంగా మన దగ్గరున్నది పెట్టుకున్నా, హార్డ్ డిస్కు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మా పెళ్లి వీడియో ఉన్నది టీవీ స్టాండు మీద నుంచి ఒక్కసారి కిందపడి టిక్ టిక్ మని ఆగిపోయింది. ఏది పోతే ఏడుస్తామో అది రెండు చోట్ల ఉండాలి.

మరి బాగా పాత సినిమాలకైతే మూడో దారి ఉంది. మన దేశంలో సినిమా మీద కాపీరైట్, విడుదలైన ఏడాది గడిచాక 60 ఏళ్ల వరకే. 1957లో వచ్చిన సినిమా మీద అది 2017తో ముగిసింది. అందుకే అప్పటివి యూట్యూబ్‌లో చాలా దొరుకుతాయి, నెలకు కట్టేదేమీ లేదు. కాకపోతే కొన్ని ప్రింట్లలో పద్యాలు కోసేస్తారు. పద్యం పోయిందని అత్తమ్మ వెంటనే పట్టేస్తుంది, పెదవులు కదుపుతూ ఎదురుచూస్తూ ఉంటుంది కదా.

ఇవన్నీ చూశాక మా ఇంట్లో ఒక నిర్ణయానికి వచ్చాం. మూడు యాప్‌ల ఆటోపే ఆపేశాను. నెలకు ఒక్కటే, నెల ప్లానులోనే. చూడాల్సినవి ఒక కాగితం మీద రాసుకుని, ఫ్రిజ్‌కు అతికించి, ఆ నెలలో చూసేసి వదిలేస్తున్నాం. క్రికెట్ ఉన్న నెల మా ఆయనది, పరీక్షలు అయిపోయిన నెల మా చిన్నోడిది. ఒక్కసారి చూసి మరిచిపోయే సినిమాకు ఇదే మేలు, ఇందులో నాకు అనుమానం లేదు. ఏడాదికి రెండుసార్లయినా మళ్లీ చూసే సినిమాకు మాత్రం డిస్కే మేలు, బొమ్మ కొంచెం మసకగా ఉన్నా సరే. పాత సామాన్ల షాపుల్లో ఒరిజినల్ డీవీడీలు కనపడితే తెస్తున్నాను. కొనేముందు బల్బుకు ఎదురుగా పెట్టి చూస్తున్నాను. ప్లేయర్ కొనేవాళ్లు మాత్రం ముందు మీ టీవీ వెనక పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే చోటు ఉందో లేదో చూసుకోండి. కొత్త టీవీల్లో చాలావాటికి అది ఉండదు, హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయరే వెతకాలి.

మిగిలిన యాభై రెండు డిస్కులూ, ప్లేయరూ అత్తమ్మ వెంటే ఊరికి పోయాయి. ఊళ్లో పాత డబ్బా టీవీ ఉంది, దానికి ఆ మూడు పిన్నులూ సరిగ్గా సరిపోతాయి. బస్సులో ప్లేయర్‌ను పైన పెట్టనివ్వకుండా దేవరకొండ దాకా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుందట. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేసింది. వెనక నుంచి పాట వినపడుతోంది.

"బిడ్డా, మొదటి ప్లేటు అయిపోవస్తుంది. రెండోది ఎయ్యాలంటే ఏ బటన్ ఒత్తాలె?"