ఇంటికొచ్చి జీపీఏ చేసిపెట్టే ప్యాకేజీ: రెండు స్టార్లు, అవీ తలుపు బెల్లుకే

అమ్మకి 76. ఉత్త మతిమరుపే అనుకుంటూ రెండేళ్లు గడిపేశాం, సంక్రాంతి తర్వాత న్యూరాలజిస్టు డిమెన్షియా అని రాసిచ్చారు. అన్నయ్య డాలస్‌లో, నేను కూకట్‌పల్లిలో. పెన్షన్ అకౌంటూ ఎఫ్‌డీలూ అన్నీ అమ్మ ఒక్కదాని పేరు మీదే. పెద్దవాళ్ల కోసం జీపీఏ (మన తరఫున డబ్బూ ఆస్తీ చూసుకునే అధికారం ఇంకొకరికి రాసిచ్చే కాగితం) లాంటి కాగితాల పనీ, ఇంట్లో జాగ్రత్తల సామానూ కలిపి చేసిపెడతామని ఒక సంస్థ ప్రకటన చూసి 14,500 కట్టాను. పేరు రాయను, ఇలాంటివాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు.

ముందు బాగున్నది. తలుపు తీస్తే మోగే సెన్సర్ బంగారం. అమ్మ తెల్లవారుజామున మూడున్నరకి లేచి ముగ్గు వేయాలని తలుపు తీస్తుంది (మేముండేది నాలుగో అంతస్తు), అది మోగుతుంది, నేను లేస్తాను. మెళ్లో వేసే జీపీఎస్ బిళ్ల మాత్రం దండగ. ఒకరోజు ఫోన్లో చూస్తే అమ్మ ఇంట్లోనే ఉన్నట్టుంది, మనిషి మాత్రం సందు చివర కూరగాయల బండి దగ్గర దొరికింది. తీరా చూస్తే బిళ్ల దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామి పటానికి వేలాడుతోంది, బొట్టు కూడా పెట్టింది. ఇప్పుడు నైటీ మెడ వెనక నా నంబరున్న గుడ్డముక్క కుట్టాను, అదే నయం.

అసలు గొడవ జీపీఏ దగ్గర. వాళ్ల గుమాస్తా స్టాంపు పేపరుతో వచ్చి కూర్చున్నాడు. "ఏ ఊరు బాబూ మీది?" అని అమ్మ నాలుగుసార్లు అడిగింది, పాపం నాలుగుసార్లూ తెనాలి అనే చెప్పాడు. అంతా చూశాడు కదా, అయినా పెన్ను చేతికిచ్చాడు. అమ్మ గుండ్రటి అక్షరాలతో నిదానంగా సంతకం పెట్టింది, పుట్టింటి ఇంటిపేరుతో! "పర్లేదు మేడమ్, పక్కన వేలిముద్ర వేయిద్దాం" అన్నాడు. నేనూ బుర్ర లేకుండా ఊరుకున్నాను.

బ్యాంకులో మేనేజరు కాగితం తిప్పి చూసి, ఆవిడతో ఒక్కమాట చెప్పించండి అన్నారు. ఏం చెప్పిస్తాను?

తర్వాత ఒక లాయరుగారు విడమరిచి చెప్పారు. సంతకం పెట్టేటప్పుడు విషయం అర్థం కాని స్థితిలో ఉంటే ఆ కాగితం అసలు చెల్లదు. బాగున్నప్పుడు రాసిచ్చినా, తర్వాత మతి స్థిమితం పోతే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. అన్నయ్య ఊరికే అనే డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మతి పోయాక కూడా చెల్లే అధికారపత్రం, అమెరికా సంగతి, మన దగ్గర అది లేదు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తి చూసుకోవడానికి మేనేజరుని పెట్టే వీలుండేది, దాని స్థానంలో వచ్చిన 2017 చట్టంలో అదీ లేదు. అందుకే మాలాంటివాళ్లు హైకోర్టులో రిట్ వేసి గార్డియన్‌గా నియమించమని అడుగుతున్నారట. కోమాలో ఉన్నవాళ్ల విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మా రిట్ కాగితాలు ఇప్పుడు తయారవుతున్నాయి.

ఇవన్నీ ఆ సంస్థవాళ్లకి తెలియవా? డబ్బు వెనక్కి అడిగితే, "పోనీ ఫ్లాటు మీ పేరున గిఫ్ట్ డీడ్ చేయించేసుకోండి మేడమ్, టెన్షన్ ఉండదు" అని సలహా. అదే సంతకం, అదే మనిషి, పైగా అన్నయ్యకి నా మీద అనుమానం రావడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. ఫోన్ పెట్టేశాను. పైసా వెనక్కి రాలేదు.

మా అత్తయ్యగారికి 70, లెక్కలు ఇప్పటికీ నాకన్నా బాగా చేస్తారు. పోయిన వారం ఆవిణ్ని బ్యాంకుకి తీసుకెళ్లి మా ఆయన పేరు కలిపి అకౌంటుని ఐదర్ ఆర్ సర్వైవర్ (ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు, ఒకరు పోతే రెండోవాళ్లు నడపొచ్చు) చేయించాం, నామినేషన్లు రాయించాం. అరగంట పని, ఆటో చార్జీలు 80. "నా డబ్బు మీద కన్నేశారా?" అని దారంతా నవ్వుతూనే ఉన్నారు.