మెరుపు గోడా, పాలరాతి పూతా, సున్నపు నునుపా: హాలుకు ఏది మేలు?

మా హాలులో సోఫా వెనక గోడ పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు. విజయవాడలో ఈ ఫ్లాటు కొన్నప్పుడు దానికి రాగిరంగు మెటాలిక్ పూత వేయించాం. దుకాణంలో చూపిన పలక మీద ఆ రంగు చింతపండుతో తోమిన రాగి చెంబులా ఉంది. గోడ మీద మాత్రం అలా లేదు. ఉదయం పక్క కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడగానే లప్పం పెట్టిన రేకు నడిచిన గీతలు, రోలరు ఆగిన చోట్లు, మొదటి రోజు పనికీ రెండో రోజు పనికీ మధ్య అతుకు, అన్నీ బయటపడ్డాయి. దాన్ని సరిచేయడానికి వచ్చిన పెద్ద మేస్త్రి గోడ మీద అరచేయి ఆనించి, "ఎత్తుపల్లాలను మామూలు రంగు దాస్తుందమ్మా, మెరుపు దాచదు" అన్నారు.

అప్పటి నుంచి మా బంధువుల్లో ఎవరు ఇల్లు కట్టుకున్నా నేను ముందు అడిగేది ఏ రంగు అని కాదు, ఆ గోడ మీద వెలుగు ఎటు నుంచి పడుతుందని. తర్వాత అడిగేది, రేపు ఏసీ కోసమో టీవీ కోసమో బెజ్జం వేస్తే ఆ పూతను పూడ్చగలమా అని. ఈ రెండు ప్రశ్నలతోనే మూడు రకాల పూతలనూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

మెటాలిక్ పూత మెరిసేది దానిలోని సన్నని రేకుల వల్ల. కొన్ని రంగుల్లో అల్యూమినియం రేకులు ఉంటాయి, కొన్నిటిలో రాగి, జింకు కలిసిన ఇత్తడి పొడి. చాలావాటిలో ఇప్పుడు వాడుతున్నది అభ్రకం. గూడూరు చుట్టుపక్కల గనుల్లో దొరికే ఆ అభ్రకం లాంటిదే సన్నని పొరలుగా చేసి, వాటికి టైటానియం డయాక్సైడ్ గానీ ఇనుప ఆక్సైడ్ గానీ పట్టిస్తారు. ఆ పొర మందాన్ని బట్టి అది వెండిలా, బంగారంలా, రాగిలా కనిపిస్తుంది. రేకులు గోడకు సమంగా పడుకున్నప్పుడు చిన్న చిన్న అద్దాల్లా వెలుగును ఒకే వైపుకు తిప్పుతాయి. బ్రష్షు దిశ మారితే రేకుల వాలు మారుతుంది, వాలు మారిన చోట ఛాయ మారుతుంది. అందుకే గోడ మొత్తం ఒకే పూట, రంగు తడి ఆరకముందే ఒక మూల నుంచి ఇంకో మూలకు పూర్తి కావాలి. పెద్ద గోడకు ఇద్దరు మనుషులు లేకుండా ఆ పని ఒప్పుకునేవారిని నేను నమ్మను.

పూడ్చడం అసలు కుదరని పూత కూడా ఇదే. అదే డబ్బాలో మిగిలిన రంగుతో రూపాయి బిళ్లంత మచ్చను సరిదిద్దినా కనిపిస్తుంది, ఎందుకంటే రంగు ఒకటే అయినా రేకులు పడుకున్న తీరు వేరు. మా గోడకు ఏసీ గొట్టం కోసం వేసిన ఒక్క బెజ్జాన్ని పూడ్చబోయి చివరికి గోడంతా మళ్లీ వేయించాం. ఇత్తడి పొడి రకమైతే ఇంకో చిక్కు ఉంది. పైన పారదర్శక కోటు సరిగా వేయకపోతే గాలికీ చెమ్మకీ నల్లబడుతుంది. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్నవారు దాని జోలికి పోకుండా అభ్రకపు రకాన్నే అడగడం మంచిది, అది అలా రంగు మారదు.

అలాగని మెటాలిక్‌ను తీసిపారేయలేను. పూజగది గూడు లోపలి గోడకు గానీ, భోజనాల బల్ల వెనక రెండు గజాల పట్టీకి గానీ అది ఎంతో బాగుంటుంది. రాత్రి పసుపు దీపం ఎదురుగా పడే చోట, కిటికీ పక్కన లేని చోట, చిన్న కొలతలో వేస్తే దాని అందం వేరే పూతకు రాదు. పూజగది తోరణానికి అసలు బంగారు రేకు అతికించాలనే కోరిక ఉన్నవారు కూడా ఉంటారు. ఆ రేకు మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు, అయినా నల్లబడదు. చదరపు అడుగు, రెండడుగుల పనికైతే అదే వేయించండి, దాని నకలుగా వచ్చే ఇత్తడి రేకు వద్దు.

పాలరాయిలా, టేకులా కనిపించేలా చేత్తో వేసే పూత చాలా పాత విద్య. ఇటలీలోని పాంపే నగరంలో క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దపు ఇళ్లలోనే గచ్చును ఉబ్బుగా తీర్చి, రంగువేసి, ఖరీదైన రాళ్లు పేర్చిన గోడల్లా చేశారు. వర్జీనియాలో జార్జి వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్‌ను అక్కడి తెలుగువారు చాలామంది పిల్లలతో వెళ్లి చూసే ఉంటారు. బయటికి రాతికట్టడంలా కనిపించే ఆ గోడలు నిజానికి పైన్ చెక్క పలకలు, తడి రంగు మీద ఇసుక చల్లి రాతి గరుకుతనం తెప్పించారు.

దీని పద్ధతి రంగు మీద రంగు, పలుచగా. ముందు లేత అడుగు రంగు. దాని మీద అడుగు కనిపించేంత పలుచని ఛాయలు రెండు మూడు, స్పాంజితో అద్దుతూ. అవి తడిగా ఉండగానే సన్నని బ్రష్షుతోనో పక్షి ఈకతోనో చారలు గీసి, పొడి బ్రష్షుతో అంచులు మెత్తబరుస్తారు. చార ఒకచోట చిక్కగా మొదలై ఇంకోచోట మాయమైతేనే రాయిలా ఉంటుంది. తెనాలిలో మా పిన్ని ఇంటి వరండాలో రెండు స్తంభాలకు ఒక పెద్దాయన ఇలాగే వేశారు. ఆరేళ్లయింది. మధ్యలో ఒక స్తంభానికి మోటారుసైకిలు తగిలి పెచ్చు ఊడితే, ఇంకో చార గీసి ఆ దెబ్బను అందులో కలిపేశారు. ఇప్పుడు వేలుపెట్టి చూపించినా ఎవరూ పోల్చుకోలేరు. పూడ్చే విషయంలో దీనికి సాటి లేదు.

అయితే అంతా చేతిలో ఉంది. అచ్చు రోలరుతో దొర్లించిన పాలరాతి గోడలు ఇప్పుడు చాలా కనిపిస్తున్నాయి. నాలుగడుగులు నడిస్తే అదే చార మళ్లీ ఎదురవుతుంది, అంతటితో ఆ రాయి రాయి కాకుండా పోతుంది. పని ఒప్పుకునే ముందు పెయింటరు వేసిన పాత పనిని నేరుగా వెళ్లి చూడండి, ఫోనులో ఫోటో చాలదు. ఇంకొక మాట గట్టిగా చెబుతాను. నిజమైన పాలరాయి ఎక్కడ నిలబడగలదో అక్కడే ఈ పూత వేయించండి: స్తంభం, గోడ కిందిపట్టీ, కిటికీ చట్రం. సీలింగు అంతా పాలరాయి వేయిస్తే ఆ బరువు మన మీద పడుతుందేమో అన్నట్టు ఉంటుంది.

నా మనసు ఎక్కువగా ఉన్నది సున్నం మీద. డంగు సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు కలిపి కట్టిన గోడలు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. 1591లో కట్టిన చార్మినారు మీది గచ్చు అలంకారం, హైదరాబాదులోనే పైగా వంశపు ప్రభువుల సమాధుల మీది సున్నపు పూలపని ఈ నేల పనితనమే. ఇంటి లోపల వేసే నునుపు పూతలో నానబెట్టిన సున్నం, పాలరాతి పొడి కలుస్తాయి. పలుచగా మూడు నాలుగు కోట్లు వేసి, చివరి కోటు ఆరీ ఆరకముందు ఉక్కు తాపీతో గట్టిగా అదిమి రుద్దుతారు. ఆ రాపిడికే మెరుపు వస్తుంది. తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ సున్నం మెల్లగా మళ్లీ సున్నపురాయి అవుతుంది. మొరాకోలో పైన ఆలివ్ నూనె సబ్బు కూడా రుద్దుతారు. సబ్బు సున్నంతో కలిసి నీటిలో కరగని పొర అవుతుంది కాబట్టి స్నానాల గదులకూ వాడుతారు.

హైదరాబాదులో మా అన్నయ్య ఇంట్లో ఇలాంటి గోడకు తొమ్మిది రోజులు పట్టింది, మూడింటిలో ఖర్చు ఎక్కువైనదీ ఇదే. కానీ పక్క వెలుగులో చూడండి, మా రాగిగోడను బయటపెట్టిన ఏటవాలు ఎండలోనే ఈ గోడ మబ్బుపట్టిన ఆకాశంలా లోతుగా కనిపిస్తుంది. తాపీ తిరిగిన జాడలే దీని అందం. ఈ పూత గోడలోని చెమ్మను లోపల బిగించదు, అందుకే పాత సున్నపు గోడల ఇళ్లకు ఇంతకంటే తగినది లేదు.

దీనికీ లోపాలున్నాయి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే పులుపు సున్నాన్ని తినేస్తుంది, కాబట్టి వంటగదికి వద్దు. తలకు నూనె రాసుకుని సోఫాలో వెనక్కి ఆనుకునేవారు ఉంటే గోడకు వరసగా జిడ్డు మచ్చలు పడతాయి, సోఫాను జానెడు ముందుకు జరపాల్సిందే. ఇప్పటికే ఎమల్షన్ వేసిన గోడకు అది పూర్తిగా గీకితే తప్ప సున్నం పట్టదు. డబ్బా మీద స్టక్కో, అంటే గచ్చు పూత, అని ఉన్నంత మాత్రాన అందులో సున్నం ఉన్నట్టు కాదు, చాలావాటిలో యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ జిగురు ఉంటుంది. లోపల ఏముందో చదివి కొనండి.

ఉప్పు తేలుతున్న గోడకు ఈ మూడింటిలో ఏదీ మందు కాదు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాకే పూత మాట.

పక్క నుంచి పగటి వెలుగు పడే హాలు గోడకు, డబ్బూ ఓపికా ఉంటే నేను సున్నమే అంటాను. పిల్లలు బంతులు విసిరే ఇల్లయితే స్తంభాలకు పాలరాతి పూత, గోడలకు మామూలు రంగు. మెటాలిక్ అంటే మీకు ఇష్టమైతే దాన్ని రాత్రి దీపం ఎదుట చిన్న గోడకు ఉంచండి. ఏది అనుకున్నా ముందు పెయింటరు చేత రెండడుగుల పలక మీద వేయించి తెచ్చుకోండి. దాన్ని ఆ గోడకే ఆనించి, ఉదయం ఏడింటికి ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, రాత్రి దీపాలు వేశాక ఒకసారి చూడండి. తర్వాత ఆ పలకకే ఒక మేకు కొట్టి, పీకి, పూడ్చి ఇవ్వమని పెయింటరును అడగండి.