డెబియన్ 13: టెంప్ ఫోల్డరు మెమరీలోకి మారిన తర్వాత

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 13వ వెర్షన్ విడుదలైంది 2025 ఆగస్టు 9న. కెర్నెల్ 6.12, గ్నోమ్ 48 వంటి వివరాలు ఈపాటికి అందరూ చదివే ఉంటారు కనుక వాటి జోలికి పోను. నెలల తరబడి రోజూ వాడిన మీదట ఈ విడుదల గురించి నాకు చెప్పాలనిపించేది ఒక్కటే: ప్రోగ్రాంలు తమ తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే స్లాష్ టెంప్ ఫోల్డరును డిస్కు మీది నుంచి తీసి మెమరీలో, అంటే ర్యామ్‌లో, పెట్టడం. పైకి ఎవరి కంటా పడని ఈ మార్పే నన్ను మొదట మెప్పించింది, ఆ తర్వాత బాగా సతాయించింది.

నా వాడకం ఏమిటో చెబితే తప్ప ఈ గొడవ అర్థం కాదు. మేము చెన్నైలో, మైలాపూరులో ఉంటాము. పెదనాన్నగారు పోగుచేసిన పాత తెలుగు పుస్తకాలను, వాటిలోనూ ఎక్కువగా ఈ ఊరి అచ్చుకూటాల్లోనే అచ్చయినవాటిని, స్కాన్ చేసి, టెసరాక్ట్ అనే ప్రోగ్రాంతో బొమ్మలోని అక్షరాలు గుర్తింపజేసి, మాటలు వెతుక్కోవడానికి వీలుండే పీడీఎఫ్‌లుగా మార్చడం సాయంత్రాల్లో నేను పెట్టుకున్న పని. ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ ఉంది, ర్యామ్ 8 జీబీ. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ, తెలుగు ఫాంట్లూ, లిబ్రెఆఫీసూ ఏ పేచీ పెట్టలేదు.

ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే పనిముట్టు ఒక్కో పుటను బొమ్మగా మార్చి, టెంప్‌లో దాచి, టెసరాక్ట్‌కు అందించి, పని ముగియగానే అన్నిటినీ చెరిపివేస్తుంది. ఇలా పుట్టి గిట్టే ఫైళ్లన్నీ ఇంతకుముందు ఎస్‌ఎస్‌డీ మీద పడి దాన్ని ఊరకే అరగదీసేవి. ఇప్పుడు అవి మెమరీలోనే పుట్టి మెమరీలోనే పోతున్నాయి. ఈ ఏర్పాటు 4 జీబీని ముందే పక్కన పెట్టుకోదు. ఫైలు పడినప్పుడే మెమరీ తీసుకుంటుంది, ఫైలు పోగానే వదిలేస్తుంది, మొత్తం మెమరీలో సగం దాటి మాత్రం పెరగదు. మొదటి వారాల్లో పని చురుగ్గా సాగుతుంటే ఆ గొప్పంతా ఈ మార్పుదేనని మా బావగారికి ఫోన్‌లో వర్ణించి చెప్పాను కూడా.

చిక్కు స్కానర్ దగ్గర వచ్చింది. ఆ కంపెనీ పేరు చెప్పను. వారు లినక్సుకు సొంత ప్రోగ్రాం ఇవ్వడమే గొప్ప అనుకునేవారిలో నేనూ ఒకణ్ణి. పుస్తకం నడుము దగ్గర వంపు తిరిగే అక్షరాలను అది సరిచేసినంత చక్కగా, నేను చూసినంతలో, ఇంకేదీ సరిచేయదు. పాత అచ్చులో వత్తులు సన్నగా, సిరా వెలిసిపోయి ఉంటాయి. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే టెసరాక్ట్ ఒక వత్తును ఇంకొకటిగా చదువుతుంది. అందుకని 600 డీపీఐలో, రంగుల్లో తీస్తాను. డెమ్మీ సైజు పుస్తకాన్ని తెరిచి గాజు మీద బోర్లిస్తే రెండు పుటలూ కలిసి దాదాపు ఎ4 అంత అవుతాయి. ఆ బొమ్మ కుదించకపోతే సుమారు 100 ఎంబీ. ఈ ప్రోగ్రాం ప్రతి బొమ్మనూ కుదించకుండానే టెంప్‌లో పడేసి, పుస్తకమంతా అయి ‘సేవ్’ నొక్కేదాకా అక్కడే ఉంచుతుంది. నా మెషీన్‌లో టెంప్‌కు దక్కేది 3.8 జీబీ. నలభై బొమ్మలు కాకముందే అది నిండిపోవాలి, నిండిపోయింది.

నిండిపోయినప్పుడు ప్రోగ్రాం ఆ మాట చెప్పలేదు. ‘స్కాన్ విఫలమైంది’ అని ఒక పెట్టె చూపించింది, దాని కింద ఒకే ఒక్క బటన్. అది నొక్కగానే ప్రోగ్రాం మూసుకుపోయింది, పోతూ పోతూ అప్పటిదాకా తీసిన పుటలన్నిటినీ ‘శుభ్రం’ చేసి మరీ పోయింది. డిస్కు చూస్తే సగానికి పైగా ఖాళీ. టెర్మినల్ నుంచి నడిపితే గానీ ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అనే అసలు మాట బయటపడలేదు. ఈలోగా బ్రౌజరు నత్తనడక పట్టింది. మెమరీ చాలక టెంప్‌లోని ఫైళ్లు స్వాప్‌లోకి, అంటే మెమరీకి తోడుగా డిస్కు మీద కేటాయించిన చోటికి, తిరిగి తిరిగి అదే ఎస్‌ఎస్‌డీ మీదికి చేరుతున్నాయి. కష్టమనిపించింది వేళ వృథా అయినందుకు కాదు. దారం కుట్టు వదిలిన పుస్తకాన్ని గాజుకు అదిమిన ప్రతిసారీ నడుము దగ్గర కాగితం పొడిపొడిగా రాలుతుంది. అవే పుటలను మళ్లీ అదమవలసి రావడం నాకు మింగుడు పడలేదు.

తాత్కాలిక ఫైళ్లు ఎక్కడ పెట్టాలో ప్రోగ్రాంలకు చెప్పే టెంప్‌డిర్ అనే చరరాశిని హోమ్‌లోని ఒక ఫోల్డరుకు చూపిస్తే ఓసీఆర్‌మైపీడీఎఫ్ బుద్ధిగా అక్కడికి వెళ్లింది. స్కానర్ ప్రోగ్రాం దాన్ని పట్టించుకోలేదు. కంపెనీకి రాస్తే మర్యాదగా ఒక జవాబు వచ్చింది, విషయం మాత్రం అందులో లేదు. టెంప్ పరిమితిని సగం కంటే పెంచవచ్చు గానీ 8 జీబీ మెషీన్‌లో అలా చేస్తే మిగతా పనులకు ఊపిరాడదు. ర్యామ్ పెంచుదామని ఇక్కడి ఎలక్ట్రానిక్స్ అంగళ్ల వీధి రిచీ స్ట్రీట్‌కు తీసుకెళ్తే, వెనుక మూత విప్పిన కుర్రవాడు ఒక్క చూపు చూసి, ‘‘బోర్డుకే అతికించేశారు సార్, స్లాటే లేదు’’ అన్నాడు. చివరికి విడుదల వివరణలలో చెప్పిన మార్గమే మిగిలింది: సిస్టమ్ సేవలను నడిపే సిస్టమ్‌డీలో, టెంప్‌ను మెమరీలో పెట్టే టీఎంపీ.మౌంట్‌ను మాస్క్ చేసి (అంటే పని చేయకుండా ఆపేసి) రీబూట్ చేయడం. దానితో టెంప్ మళ్లీ డిస్కు మీదికి వచ్చింది, పుస్తకం ఆసాంతం స్కాన్ అయింది.

అప్పుడు తెలిసిన సంగతి ఇంకొకటి: టెంప్ డిస్కుకు తిరిగి వచ్చాక కూడా టెసరాక్ట్ పని నా కంటికి ఆనేంతగా నెమ్మదించలేదు. అసలు కాలమంతా అక్షరాలు గుర్తించడంలోనే పోతుంది కదా. మొదట్లో నేను మెచ్చుకున్న చురుకు, చాలా మటుకు కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌ది అయి ఉండాలి. బావగారికి ఆ సవరణ ఇంకా చెప్పలేదు.

అలాగని ఈ మార్పు తప్పు అనను. టెంప్ ఎప్పుడూ నిలవ ఉంచుకునే చోటు కాదు. పాత విడుదలలోనూ రీబూట్ చేస్తే అందులోనివి పోయేవి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవారికి పది రోజులుగా ముట్టని ఫైళ్లు టెంప్ నుంచి, ముప్పై రోజులుగా ముట్టనివి వార్ టెంప్ అనే ఇంకో తాత్కాలిక ఫోల్డరు నుంచి వాటంతట అవే పోతాయి. డౌన్‌లోడ్లను అక్కడ పడేసే అలవాటున్నవారు ఇది గుర్తుంచుకోవాలి. 16 జీబీ ఉండి, బ్రౌజరూ ఉత్తరాలూ చూసుకునేవారికి ఇవేవీ ఎదురు కాకపోవచ్చు. నాలాగా తక్కువ ర్యామ్‌తో స్కానింగో వీడియో ఎడిటింగో చేసేవారు మాత్రం డెబియన్ 12 నుంచి మారే ముందు తమ ప్రోగ్రాంలు టెంప్‌లో ఎంత పోస్తున్నాయో ఒకసారి చూసుకోవడం మంచిది. పెదనాన్నగారి 32-బిట్ నెట్‌బుక్‌కు ఈ విడుదలలో ఇన్‌స్టాలరే లేదు కనుక అది 12 మీదే నడుస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో 13 ఉంటుంది, మాస్క్ కూడా ఉంటుంది, కనీసం ఆ స్కానర్ ప్రోగ్రాంకు కొత్త వెర్షన్ వచ్చేదాకా.