బడి ఆటోమోటివ్ ల్యాబ్‌కి ఏది మేలు: కట్ మోడలా, మారుతి 800 ఇంజనా, పాత స్ప్లెండరా?

ఆటోమోటివ్ ట్రేడ్ మొదలుపెట్టే హైస్కూళ్ల టీచర్లు తరచూ అడిగేది ఇదే: ఉన్న కాస్త నిధులతో ముందు ఏం కొనాలి? తొమ్మిది, పది తరగతులకైతే కిక్ కొడితే స్టార్టయ్యే పాత కార్బ్యురేటర్ స్ప్లెండరే కొనమంటాను. పిల్లలు ఇంజను విప్పి, మళ్లీ బిగించి, తమ పని కుదిరిందో లేదో ఎవరినీ అడగకుండా తెలుసుకోగలగాలి. నేను ముందు చూసేది అదే.

కట్ మోడల్, అంటే లోపలి భాగాలు కనిపించేలా కోసిన ఇంజను, శుభ్రంగా ఉంటుంది. నాలుగు స్ట్రోకులు, వాల్వులు తెరుచుకునే వరుస చూపించడానికి దాన్ని మించింది లేదు. రెండు పీరియడ్లు గడిచాక మాత్రం దానితో పనేమీ ఉండదు. నట్టు వదులుగా వదిలేసినా అది తిరుగుతూనే ఉంటుంది.

మారుతి 800 ఇంజను ఇంటర్ పిల్లలకు మంచిది: 796 సీసీ, మూడు సిలిండర్లు, రేడియేటర్, టైమింగ్ బెల్టు. కానీ దించడానికి చైన్ కప్పీ, నిలబెట్టడానికి ఇనుప స్టాండు కావాలి. చుట్టూ ఇరవై మంది ఉంటే ముగ్గురి చేతికే పానా అందుతుంది.

97.2 సీసీ స్ప్లెండర్ ఇంజన్ని ఇద్దరు కలిసి బల్ల మీదికి ఎత్తగలరు. గాస్కెట్లు, ప్లగ్గు, క్లచ్ ప్లేట్లు మండల కేంద్రంలోనే దొరుకుతాయి. పైగా ఇది తప్పును దాచదు. ప్లగ్గు మర 10 మిల్లీమీటర్లే. మొదటి చుట్లు చేత్తో తిప్పకుండా పానాతో మొదలెడితే అల్యూమినియం హెడ్డులో (సిలిండర్ పైమూతలో) మర పోతుంది.

అసలు పాఠం హెడ్డు దించి ఎక్కించడంలో ఉంది. విప్పగానే టైమింగ్ చైన్‌ని (క్రాంక్ నుంచి వాల్వుల క్యామ్‌ని తిప్పే చైన్‌ని) తీగతో కట్టాలి, లేకపోతే లోపలికి జారిపోతుంది. పిస్టన్ తీసే ముందు క్రాంక్ కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. పిస్టన్ పిన్ను జారకుండా ఆపే చిన్న రింగు, సర్‌క్లిప్, లోపల పడి అయస్కాంతానికి అందకపోతే ఇంజను మొత్తం విప్పాల్సిందే. బిగించేటప్పుడు పిస్టన్ మీది ‘ఇన్’ గుర్తు కార్బ్యురేటర్ వైపు ఉండాలి. క్రాంక్ చివర తిరిగే మ్యాగ్నెట్ చక్రం మీది ‘టీ’ గీత కేసు గాటుకి, క్యామ్ స్ప్రాకెట్ గుర్తు హెడ్డు గుర్తుకి కలవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా బండి మొరాయిస్తుంది, కార్బ్యురేటర్‌లోకి ఎదురు కొడుతుంది. కిక్ కొట్టే ముందు మ్యాగ్నెట్ నట్టుకి పానా పెట్టి రెండు చుట్లు మెల్లగా తిప్పించండి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయనివ్వద్దు. వాల్వు పిస్టన్‌కి తగులుతుండొచ్చు.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక బండ్లు చాలావరకు కార్బ్యురేటర్ లేని ఇంజెక్షన్‌వే కదా అంటారు. నిజమే. కానీ బోరు, రింగులు, వాల్వ్ టైమింగ్, క్లచ్ పనిచేసే తీరు మారలేదు. సెన్సర్లకి రెండో ఏడు ఒక ఇంజెక్షన్ బండి తెచ్చుకోవచ్చు. ఎలక్ట్రిక్ స్కూటర్‌తో వైరింగ్, బ్రేకులు, చక్రంలోనే ఉండే హబ్ మోటారు నేర్పండి. బ్యాటరీ ప్యాక్ మాత్రం విప్పనివ్వద్దు.

కొనేటప్పుడు ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు బండితో సరిచూడండి. నీలిపొగ వచ్చినా ఫర్వాలేదు, రింగుల పాఠానికి పనికొస్తుంది. క్రాంక్‌లో శబ్దం ఉన్న బండి వద్దు, ఆ పనికి భాగాల్ని ఒత్తి తీసే, బిగించే ప్రెస్ యంత్రం కావాలి. వీలైతే విప్పడానికి ఇంకో ఇంజను పాత సామాన్ల షాపులో తీసుకోండి. విప్పే ముందు పెట్రోలు తీసేయాలి, ఇసుక బకెట్ దగ్గరుండాలి. స్టార్ట్ చేయడం ఆరుబయటే, గదిలో వద్దు. వెనక చక్రం చైన్ తుడిచేటప్పుడు ఇంజను ఆపి ఉండాలి. తిరిగే చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య గుడ్డ పడితే వేలు కూడా వెళ్తుంది.