దక్షిణాది రాష్ట్రాల లెక్కలు పోల్చే యాప్, నా రేటింగ్ 3/5

మన అయిదు దక్షిణాది రాష్ట్రాల జనాభా, ఆదాయం, పథకాలు అన్నీ ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన చూపించే యాప్ ఒకటి వాడుతున్నా ఈ మధ్య. పేరెందుకులెండి, మంచీ చెడూ రెండూ చెప్తా. స్పీడ్ బాగుంది, తెలుగులో వెతికినా దొరుకుతుంది.

అసలు తలనొప్పి జనాభా పేజీలో. 2011 సెన్సస్ కాలమ్‌లో ఆంధ్రప్రదేశ్ ఎదురుగా 8.46 కోట్లు, కింద తెలంగాణకి 3.5 కోట్లు. బాబూ, ఆ 8.46 ఉమ్మడి రాష్ట్రానిది, తెలంగాణ అందులోనే ఉంది! విడదీస్తే ఏపీకి మిగిలేది 5 కోట్ల లోపే. అక్షరాస్యత 67 శాతం అని ఏపీకి చూపించేదీ ఉమ్మడి లెక్కే, దాన్ని కేరళ 94 పక్కన పెట్టి ర్యాంకు కూడా ఇచ్చేశారు.

తలసరి ఆదాయం గ్రాఫ్ చూడ్డానికి బాగుంటుంది కానీ హైదరాబాద్, బెంగళూరు తమ రాష్ట్రాల సగటుని ఎంత పైకి లాగుతున్నాయో తెలియాలంటే జిల్లాల వారీగా ఉండాలి, అది లేదు. కేరళకి గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు రాష్ట్ర ఉత్పత్తి లెక్కలోకి రాదు, అక్కడి ఇళ్లల్లో ఖర్చు చూస్తే మాత్రం అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, దాని గురించి చిన్న నోట్ అయినా పెట్టలేదు.

నాకు బాగా నచ్చింది ఫెర్టిలిటీ పేజీ, అంటే ఒక్కో మహిళకి సగటున ఎంతమంది పిల్లలు అన్న లెక్క. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏపీ, కర్ణాటక 1.7, మిగతా మూడూ 1.8, అంటే అన్నీ జనాభా తగ్గకుండా నిలవడానికి కావాల్సిన 2.1 కంటే కిందే. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే లోకల్ ఎలక్షన్లలో పోటీ చేయకూడదన్న రూల్‌ని ఏపీ 2024లో ఎందుకు తీసేసిందో ఈ ఒక్క పేజీ చూస్తే అర్థమైపోతుంది. పక్కనే కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకి 15వ ఫైనాన్స్ కమిషన్ పంచిన వాటాలు కూడా ఉన్నాయి, ఏపీ 4.047, తెలంగాణ 2.102 శాతం, కేరళకైతే 1.925 మాత్రమే.

పథకాల పేజీ సోసో. ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు అని నాలుగు రాష్ట్రాలకి ఒకేలా టిక్ కొట్టారు. తమిళనాడులో అది 2021లో మామూలు టౌన్ బస్సులతో మొదలైంది, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఎక్స్‌ప్రెస్ కూడా ఫ్రీ, ఏపీకి 2025 ఆగస్టులో వచ్చింది. ఇవన్నీ ఒకటేనా?

ఎక్సెల్‌లో దింపుకోవచ్చు కాబట్టి మూడు స్టార్లు, ఆ ఉమ్మడి ఏపీ లెక్క సరిచేస్తే ఇంకోటి ఇస్తా.